తుపాకీ అప్పగించే వరుస

1919 జనవరి 3న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఫోక్‌స్టన్ రేవులో వేలమంది సైనికులు ఫ్రాన్స్ వెళ్లే ఓడ ఎక్కబోమని మొండికేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆగి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. వాళ్ల కోపం సైన్యం మీద కాదు, ఇంటికి పంపే పద్ధతి మీద. పరిశ్రమలకు కావలసిన పనివాళ్లను, బయట ఉద్యోగం సిద్ధంగా ఉన్నవాళ్లను ముందు విడుదల చేయాలని ప్రభుత్వం 1917లోనే నిర్ణయించింది. దేశ ఆర్థిక అవసరాలు చూస్తే ఆ ఆలోచన సబబే. అయితే అటువంటి పనివాళ్లను ఫ్యాక్టరీలు వీలైనంత కాలం వదల్లేదు కాబట్టి, వాళ్లలో చాలామంది సైన్యంలోకి ఆఖరున వచ్చారు. 1914 నుంచి కందకాల్లో నానినవాడు అక్కడే ఉండాలి, నిన్నగాక మొన్న వచ్చినవాడు ఇంటికి పోవాలి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టయింది.

ఆ నెలలోనే యుద్ధ మంత్రి పదవి చేపట్టిన విన్‌స్టన్ చర్చిల్ ఆ పద్ధతిని పక్కన పెట్టాడు. 1915 ముగిసేలోగా చేరినవాళ్లు, వయసు పైబడినవాళ్లు, మూడుసార్లు గాయపడినవాళ్లు ముందు వెళతారన్నాడు. ఉండిపోవలసినవాళ్లకు జీతం పెంచాడు. అలజడి క్రమంగా సద్దుమణిగింది. వేల్స్‌లోని కిన్మెల్ పార్క్ శిబిరంలో కెనడా సైనికులకు మాత్రం ఆ ఊరట దక్కలేదు. ఓడల తేదీలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. మార్చి మొదటి వారంలో చెలరేగిన అల్లర్లలో ఐదుగురు చనిపోయారు. యుద్ధం గెలిచినవాళ్లు ఇంటిదారిలో అలా చావడం ఎంత ఘోరం!

ఈ సమస్య 20వ శతాబ్దంలో పుట్టింది కాదు. 1783లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగింపుకొచ్చినప్పుడు, బకాయిలు అందకుండానే సైన్యాన్ని రద్దు చేస్తారేమోనని న్యూబర్గ్ శిబిరంలో అధికారులు తిరుగుబాటు అంచుదాకా వెళ్లారు. జార్జ్ వాషింగ్టన్ స్వయంగా వెళ్లి నచ్చజెప్పాడు. అయినా జూన్‌లో జీతాలడుగుతూ వందలాది సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ సమావేశమైన భవనాన్ని చుట్టుముట్టారు. సభ్యులు ఊరు విడిచి ప్రిన్స్‌టన్‌కు తరలిపోయారు.

1919 పాఠాన్ని బ్రిటన్ మరచిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగియకముందే, 1944 సెప్టెంబర్‌లో, కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ విడుదల పథకాన్ని ప్రకటించాడు. లెక్క వయసు మీద, సర్వీసు మీద. రెండు నెలల సర్వీసు ఒక ఏడాది వయసుతో సమానం. తన గ్రూపు నంబరేమిటో, తన ముందు ఎవరున్నారో ప్రతివాడికీ తెలుసు. అమెరికా ఇంకో అడుగు ముందుకేసి సైనికులనే అడిగింది. సామాజిక శాస్త్రవేత్త శామ్యూల్ స్టౌఫర్ బృందం సర్వేలు చేసి, ఎవరు ముందు వెళ్లడం న్యాయమని వాళ్లు అనుకుంటున్నారో తెలుసుకుంది. దాని ఆధారంగా పాయింట్లు వేశారు: సర్వీసులో నెలకు ఒకటి, విదేశంలో గడిపిన నెలకు మరొకటి, పతకానికి ఐదు, బిడ్డకు పన్నెండు చొప్పున ముగ్గురి దాకా. 1945 మే నాటికి 85 పాయింట్లున్నవాడు ఇంటికి వెళ్లవచ్చు. బయట ఏముందన్న భయానికి, తిరిగొచ్చినవాళ్ల చదువుకు సాయం చేసే జీఐ బిల్లు జవాబిచ్చింది. ఆ చట్టంతో 22 లక్షల మంది కాలేజీ మెట్లెక్కారు.

ఇంత చేసినా వేగం తగ్గగానే నమ్మకం సడలింది. విడుదలలు నెమ్మదిస్తాయని 1946 జనవరిలో ప్రకటన రాగానే మనీలాలో వేలాది అమెరికన్ సైనికులు వీధుల్లోకొచ్చారు. అదే నెలలో కరాచీ డ్రిగ్ రోడ్ స్థావరంలో బ్రిటిష్ వైమానిక సిబ్బంది పని ఆపేశారు. ఆ సమ్మె సింగపూర్ దాకా పాకింది.

మరుసటి నెల మన నావికుల వంతు. ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ శిక్షణ కేంద్రంలో మొదలైన తిరుగుబాటులో దాదాపు 20,000 మంది చేరారు. ఆ సెగ విశాఖపట్నానికీ తాకింది. తినలేని తిండి, తెల్ల అధికారుల బూతులు, స్వాతంత్ర్య కాంక్ష గురించి చరిత్ర పుస్తకాలు చెబుతాయి. త్వరగా విడుదల చేయండి, బయట ఉద్యోగం చూపించండి అన్నది కూడా వాళ్ల డిమాండ్లలో ఉందన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. బ్రిటిష్ సైనికుడి కోసం అంత శ్రద్ధగా లెక్కలు కట్టిన సామ్రాజ్యం భారతీయుడికి అంత భరోసా ఇవ్వలేదు.

వెళ్లేవాళ్ల గోడు వినిపిస్తుంది. మిగిలినవాళ్ల గోడు యుద్ధం వస్తే గానీ బయటపడదు. 1945లో 80 లక్షలు దాటిన అమెరికా సైన్యం రెండేళ్లలో పది లక్షల దరిదాపులకు దిగింది. 1950 జూలై 5న కొరియాలోని ఒసాన్ దగ్గర ఉత్తర కొరియా ట్యాంకులకు ఎదురు నిలిచిన టాస్క్ ఫోర్స్ స్మిత్‌లో సుమారు 540 మందే ఉన్నారు. చాలీచాలని ఆయుధాలతో, అరకొర శిక్షణతో వెళ్లిన ఆ దళం కొన్ని గంటల్లో చెదిరిపోయింది.

యుద్ధం లేనప్పుడు చేసిన తగ్గింపుల్లోనూ వెళ్లేవాళ్ల గోడు తప్పలేదు. సోవియట్ యూనియన్ 1960లో తన సైన్యంలో 12 లక్షల మందిని తగ్గించాలని తలపెట్టింది. పింఛనుకు చేరువైన అధికారులు ఎందరో రోడ్డున పడ్డారు. 1990లలో జర్మనీ నుంచి లక్షలాది రష్యన్ బలగాలు తిరిగొచ్చినప్పుడు పెద్ద సమస్య ఇల్లు. జర్మనీ డబ్బిచ్చి ఇళ్లు కట్టించినా అందరికీ సరిపోలేదు.

అదే దశాబ్దంలో అమెరికా 21 లక్షల బలగాన్ని 14 లక్షలకు తగ్గించింది. ఎక్కువమంది తమంతట తామే వెళ్లేలా ఒకేసారి సొమ్మో, వార్షిక చెల్లింపో, 15 ఏళ్లకే పింఛనో ఎంచుకోనిచ్చింది. అప్పటి సైన్యాధిపతి గోర్డన్ సల్లివన్ ఇంకో టాస్క్ ఫోర్స్ స్మిత్ రానివ్వకూడదంటూ మిగిలినవాళ్ల శిక్షణను కాపాడటానికి పట్టుబట్టాడు. ఇప్పటిదాకా చూసినవాటిలో మెరుగైన ప్రయత్నం ఇదే. అయితే ఆ మెలకువ ఎల్లకాలం నిలవలేదు. 2011లో బ్రిటన్ కొందరు వారంట్ ఆఫీసర్లకు ఉద్యోగం పోతోందని ఈమెయిల్లో చెప్పి, తర్వాత క్షమాపణ కోరింది. 2014లో అమెరికా తొలగించిన కెప్టెన్లలో కొందరు అప్పటికి అఫ్గానిస్తాన్‌లో విధుల్లో ఉన్నారు.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకో రూపంలో వస్తోంది. అగ్నిపథ్ కింద 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు చేరిన తొలి అగ్నివీరులకు 2026 చివర నుంచి నాలుగేళ్ల గడువు తీరుతుంది. హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. నిబంధన ప్రకారం నలుగురిలో ఒకరికి మించి సైన్యంలో కొనసాగరు. ఆ ఒక్కరిని ఏ కొలమానంతో ఎంచుతారో ప్రతి జవానుకూ ముందే రాతపూర్వకంగా తెలపాలి. వెళ్లేవాళ్లకు కేంద్ర బలగాల్లో, రాష్ట్ర పోలీసుల్లో ఇస్తామన్న అవకాశాల నోటిఫికేషన్లు వాళ్లు యూనిఫాంలో ఉండగానే రావాలి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.