పులసను విడువగలమా?

మరమగ్గముల భివండీలో స్థిరపడినను, శ్రావణము రాగానే గోదావరి బంధువుల పులస కబురు మాకు అందును. ఎఱ్ఱనీటి కెదురీది గ్రుడ్లు పెట్టుటకు వచ్చు సముద్రపు విలసయే పులస. పుస్తెలమ్మియైనను దానిని తినవలెనని సామెత. (అమ్మిన పుస్తెలు ఎవరివో సామెత చెప్పదు.)

1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరమున ముగించిన ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. పులస దారిని మాత్రము అడ్డగించినది. దిగువన వలలు కాచుకొనియుండును.

అమెరికా పడమటి తీరమున స్టీల్‌హెడ్ అను చేపయు ఇట్లే కడలి నుండి నదుల కెక్కును. అచట పెంపకపు పిల్లలకు తోక దగ్గరి చిన్న రెక్క కత్తిరించి వదలుదురు. ఆ రెక్క గల సహజపు చేప గాలమునకు చిక్కినచో అనేక నదులలో తిరిగి నీట విడువవలెను. తిననిచో దానిని బాధించుట యేలయని కొందఱు వాదింతురు. పులసకు ఆ వాదమే లేదు; నీరు వీడినంతనే అది ప్రాణము విడుచును. దానిని విడుచుట యనగా వల వేయకుండుటయే.

తూర్పు తీరమున సముద్రపు వేట నిషేధము జూన్ 14తో ముగియును. పులస వచ్చునది అటుపిమ్మట. ఇచ్చటి కోళీలు నారళీ పూర్ణిమ వరకు పడవ దింపని ఆచారము గలవారు. గోదావరి పులసకు అట్టి పూర్ణిమ లేదు. గ్రుడ్లున్న చేపకే ధర హెచ్చు. ఆ ధర పెట్టి తెప్పించుకొన్నవారిలో మేమును ఉన్నాము.