లెబనాన్ అధ్యక్ష ఎన్నికలు, రాజకీయ సంక్షోభం

లెబనాన్ అధ్యక్షుణ్ని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. పార్లమెంటు సభ్యులు రహస్య ఓటుతో ఆరేళ్ల కాలానికి ఎన్నుకుంటారు. 1943 నాటి అలిఖిత జాతీయ ఒడంబడిక ప్రకారం ఈ పదవి మరోనైట్ క్రైస్తవులది, ప్రధాని పదవి సున్నీలది, స్పీకర్ పదవి షియాలది. ఈ పంపకానికి ఆధారం 1932 నాటి జనాభా లెక్కలు. ఆ తర్వాత అక్కడ అధికారికంగా జనాభాను లెక్కించనే లేదు. లెక్కపెడితే ఎవరి వాటా తగ్గుతుందోనని అందరికీ భయమే.

ఇప్పటి 128 మంది సభ్యుల్లో 86 మంది హాజరైతే తప్ప ఎన్నిక మొదలు కాదు. నచ్చని అభ్యర్థిని ఓడించనక్కర్లేదు, సభకు రాకపోతే చాలు. 1988, 2007, 2014, 2022 సంవత్సరాల్లో అధ్యక్షపీఠం ఖాళీ పడినప్పుడు ప్రధానంగా నడిచింది ఈ ఎత్తుగడే.

అధ్యక్షుడు మారితే దేశం మారుతుందన్న ఆశకు అందరూ చూపే ఉదాహరణ ఫుఆద్ షిహాబ్. 1958లో అప్పటి అధ్యక్షుడు కమీల్ షమూన్ పాలనపై తిరుగుబాటు చెలరేగి, అమెరికా సేనలు బేరూత్ తీరంలో దిగినప్పుడు షిహాబ్ సైన్యాధిపతి. సైన్యాన్ని ఏ పక్షానా నిలపనందుకే ఇరువర్గాలూ ఆయనను ఒప్పుకున్నాయి. అధ్యక్షుడయ్యాక ప్రభుత్వోద్యోగాల్లో క్రైస్తవులకూ ముస్లింలకూ సమాన వాటా ఇచ్చాడు. దేశంలో ఏ మూల ఎంత పేదరికం ఉందో తేల్చమని ఫ్రెంచి మతగురువు లెబ్రె బృందానికి పని అప్పగించాడు. కేంద్ర బ్యాంకు, సామాజిక భద్రతా నిధి ఆయన హయాంలో రూపుదిద్దుకున్నవే. అయితే 1961 చివర్లో సైనిక కుట్ర విఫలమయ్యాక సైనిక గూఢచార విభాగం పెత్తనం పెరిగింది, దానితో ఆయనకు శత్రువులూ పెరిగారు. 1970లో మళ్లీ పోటీ చేయమని కోరితే షిహాబ్ కాదన్నాడు. తాను తలపెట్టిన మార్పులకు దేశంలోని రాజకీయ వ్యవస్థలు సాధనాలుగా పనికిరావని ఒక ప్రకటనలో తేల్చి చెప్పాడు. ఆరేళ్లు పాలించినవాడే ఇచ్చిన తీర్పు కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఆయన అనుచరుడు ఇలియాస్ సర్కీస్ ఆ ఏడాది 49 ఓట్లు తెచ్చుకొని, 50 ఓట్లు వచ్చిన సులేమాన్ ఫ్రంజియే చేతిలో ఓడిపోయాడు. మరో ఐదేళ్లకు అంతర్యుద్ధం మొదలైంది.

యుద్ధం నడుమ జరిగిన కొన్ని ఎన్నికలూ నిలవలేదు. బషీర్ జమాయిల్ 1982లో ప్రమాణ స్వీకారానికి ముందే హత్యకు గురయ్యాడు. 1989లో ఎన్నికైన రెనే మువవ్వద్ 17 రోజులకే బాంబు దాడిలో చనిపోయాడు. అదే ఏడాది కుదిరిన తాయిఫ్ ఒప్పందం పార్లమెంటు స్థానాలను క్రైస్తవ, ముస్లిం వర్గాలకు సమానంగా పంచింది, అధ్యక్షుడి అధికారాల్లో చాలావాటిని మంత్రిమండలికి అప్పగించింది. మతవాటాలను క్రమంగా రద్దు చేయాలన్న మాట కూడా అందులో ఉంది. అది కాగితం దాటలేదు.

తర్వాతి ఎన్నికలు రాజీ కుదిరాక వేసిన ముద్రల వంటివి. 2008లో దోహా ఒప్పందం తర్వాత మిషెల్ సులేమాన్ ఎన్నికయ్యాడు. 2016లో రెండేళ్లకు పైగా ఖాళీగా ఉన్న పీఠం మిషెల్ ఔన్‌కు దక్కింది. షియా సాయుధ సంస్థ హిజ్బుల్లాకు మిత్రుడైన ఆయనను పాత ప్రత్యర్థులు సాద్ హరీరి, సమీర్ జాజా కూడా బలపరచారు. ఇంత విస్తృతమైన అంగీకారంతో వచ్చిన పాలనలోనే 2019 అక్టోబరు నిరసనలు, 2020 మార్చిలో విదేశీ అప్పు ఎగవేత, ఆగస్టులో 200 మందికి పైగా ప్రాణాలు తీసిన బేరూత్ రేవు పేలుడు జరిగాయి. ఏళ్ల తరబడి డాలరుకు సుమారు 1,500 లీరాలుగా కట్టేసి ఉంచిన మారకం విలువ కుప్పకూలింది, జనం డిపాజిట్లు బ్యాంకుల్లో చిక్కుకుపోయాయి. ఈ పతనానికి దారితీసిన పద్ధతి, అంటే వడ్డీ ఆశ చూపి తెచ్చిన డిపాజిట్లతో సర్కారు లోటు పూడ్చడం, ఔన్‌కు చాలా ముందు నుంచే నడుస్తోంది.

ఆయన 2022 అక్టోబరులో దిగిపోయాక పార్లమెంటు 12 సార్లు ప్రయత్నించి విఫలమైంది. 2024లో ఇజ్రాయెల్‌తో యుద్ధంలో హిజ్బుల్లా బలహీనపడింది, డిసెంబరులో సిరియా అధ్యక్షుడు అసద్ పతనమయ్యాడు. ఆ తర్వాతే, 2025 జనవరి 9న, సైన్యాధిపతి జోసెఫ్ ఔన్ ఎన్నిక సాధ్యమైంది. మొదటి విడతలో 71 ఓట్లే వచ్చాయి. హిజ్బుల్లా, మరో షియా పార్టీ అమల్ సభ్యులు కలిశాక రెండో విడతలో 99కి చేరాయి. అంతర్జాతీయ న్యాయస్థానం అధ్యక్షుడిగా ఉన్న నవాఫ్ సలామ్ ప్రధాని అయ్యాడు. ఆ ఏడాదే బ్యాంకు రహస్య చట్టాన్ని సవరించారు. ఆగస్టులో, ఆయుధాలన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉండేలా ప్రణాళిక సిద్ధం చేయమని మంత్రిమండలి సైన్యాన్ని ఆదేశించినప్పుడు మాత్రం షియా మంత్రులు సమావేశం నుంచి లేచి వెళ్లిపోయారు.