బళ్లారి సీమలో దహన ఖననములు

హిందువులు శవమును దహింతురు, మహమ్మదీయులును క్రైస్తవులును పాతిపెట్టుదురు అనునది బడిపిల్లలు సైతము అప్పగించు మాట. బళ్లారి సీమ చరిత్రను కొంచెము తరచి చూచినయెడల ఈ విభజన నిలువదు.

బళ్లారి నుండి హొసపేటకు పోవు త్రోవలో కుడితిని చెంత బూడిద దిబ్బ యొకటి కలదు. హంపి దగ్గరి నింబాపురమున అట్టిదే మరియొకటి. అది వాలిని దహించిన చోటని అచటివారు చూపుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో తెల్లదొరలు కొందరు సైతము వీనిని చితాభస్మములనియే యెంచిరి. విజయనగర చరిత్ర వ్రాసిన రాబర్టు సూయెలు నింబాపురపు దిబ్బను సహగమనములతో ముడిపెట్టెను. రాబర్టు బ్రూసు ఫుటు మాత్రము ఇవి పశువుల పేడ కాలగా నేర్పడినవని వాదించెను. నాటి మహబూబునగరు జిల్లా ఉట్నూరులో త్రవ్వకములు జరిపిన ఆల్చిన్ పండితుడు, నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్లలో పేడ పలుమారులు కాలి దిబ్బలైనదని 1963లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. ఇక ఆ కాలపు మనుష్యుల మాట యేమి? శిరుగుప్ప తాలూకా తెక్కలకోటలో 1963-64లో ఎం. ఎస్. నాగరాజరావు జరిపిన త్రవ్వకములలో భూమిలో పాతిన కళేబరములును, కుండలలోని యస్థులును బయల్పడినవి. ఈ సీమలో తొలుత కాల్చినది పేడను, పాతినది మనుష్యులను.

అచ్యుతరాయల కాలమున విజయనగరమున నుండిన పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజు 1535 ప్రాంతమున వ్రాసిన వృత్తాంతములో చిత్రమైన మాట యొకటి కలదు. భర్త చితిలో భార్య ప్రవేశించుట దేశమంతటి యాచారమట. తెలుగువారిలో మాత్రము భార్యను భర్తతోపాటు సజీవముగా పాతిపెట్టుదురట. తెలుగువారందఱకును ఈ యాచారము కలదని నమ్ముటకు వీలులేదు. ఖననము వీరశైవుల పద్ధతి గనుక, ఆతడు చూచినది, విన్నది తెలుగు మాటలాడు లింగధారులను గూర్చియే కావచ్చును. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో చెప్పినది తెలుగుననే గదా! ఇంతటి దారుణమును నూనిజు కొలది వాక్యములలో దాటిపోయెను. ఊరి వెలుపలి మాస్తికల్లులపై గాజులతో నెత్తిన చేయి కనబడును. పెక్కింటిపై పేరైనను లేదు. మద్రాసు రాజధానిలో సహగమనము 1830లో నిషిద్ధమైనది.

వీరశైవులలో మృతుని స్నానము చేయించి, విభూతి పూసి, విమానమున కూర్చుండబెట్టి యూరేగింతురు. గోతిలోనను కూర్చున్న భంగిమయే. ఎడమ అరచేతిలో ఇష్టలింగము, చుట్టును బిల్వపత్రములు, విభూతి. చనిపోయెననరు, లింగైక్యమందెనందురు, శాస్త్రప్రకారము మైల లేదు. ఇది వైదిక కర్మపై తిరుగుబాటుగా పుట్టినదని చెప్పుదురు గాని, వైదికులలోను సన్న్యాసికి దహనము లేదు. ఆనెగొందిలోని నవబృందావనమున వ్యాసరాయలు మున్నగు తొమ్మండుగురు యతుల సమాధులు గలవు. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి 1671లో బృందావనస్థుడయ్యెను. ఆ మంచాల గ్రామమును ఆదవాని పాలకుడు సిద్ది మసూదుఖాను ఇచ్చెనని సంప్రదాయము. హిందూ యతి సమాధికి మహమ్మదీయ ప్రభువు భూమి!

తక్కిన యిండ్లలో పాడె, నిప్పుకుండ, దింపుడు కళ్లము, పిండములు అందఱెఱిగినవే. పాడె ముందు తప్పెట కొట్టి, కాటిలో గొయ్యి త్రవ్వినవారికి తమ శవములను ఊరి శ్మశానమున చేర్చు హక్కు పెక్కు గ్రామములలో లేకుండెను. ఆచారముల ముచ్చటలో ఈ సంగతిని మఱుగుపఱచుట పరిపాటియైనది.

మహమ్మదీయులు శవమునకు గుస్లు చేయించి, కుట్టని తెల్లని కఫను చుట్టి, ముఖము పడమటి దిక్కున కాబాకు తిరుగునట్లు పరుండబెట్టుదురు. దూదేకులవారి యిండ్లలో జనాజా నమాజు అరబ్బీలో, శోకము తెలుగులో.

క్రైస్తవ ఖననము దండుతోను, మిషనుతోను వచ్చినది. లండను మిషను పక్షమున జాన్ హాండ్సు 1810లో బళ్లారి చేరెను. ఈ సీమలో మిక్కిలి ప్రసిద్ధమైన తెల్లదొర మరణము మాత్రము సర్ తామస్ మన్రోది. దత్తమండలములకు తొలి ప్రధాన కలెక్టరైన ఆతడు పిమ్మట మద్రాసు గవర్నరై, సెలవు తీసికొని పోవుటకు ముందు ఈ ప్రజలను చూడవచ్చి, 1827 జులై 6వ తేదీన పత్తికొండలో కలరాతో మృతినొందెను. గుత్తిలో పాతిపెట్టిరి, 1831లో అస్థులను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు చేర్చిరి. పత్తికొండలో ఆతని పేర తోపును, బావిని నిలిపిరి. జనులు బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. పరమతస్థునికి పిండము పెట్టరాదు గాని, నీరు పోయవచ్చును గదా.

1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, మిగిలిన బళ్లారి మైసూరునకును పోయినవి. హద్దు గీసినవారు బ్రతికియున్నవారి భాషను లెక్కించిరి. పెద్దల సమాధులు కొందఱకు అవతలి రాష్ట్రమున నిలిచిపోయినవి.

2020 జూన్ నెలాఖరున కరోనాతో మరణించినవారి శవములను నల్లని సంచులలో ఈడ్చి ఒకే గోతిలో పడవేయు దృశ్యము బళ్లారి నుండి దేశమంతటికి వ్యాపించెను. స్నానము లేదు, కఫను లేదు, విభూతి లేదు, పిడికెడు మన్ను వేయ బంధువు లేడు. దహించువారో, పాతువారో యని అడిగినవారును లేరు. జిల్లా అధికారులు మృతుల కుటుంబములకు క్షమాపణ చెప్పి, ఆ పనివారిని తప్పించి వేఱొక బృందమును నియమించిరి.