ఓటరు ఫారం తీసుకునే బీఎల్వోకి ఎంత ఇస్తారు? ‘పేరుకింత’ అని ఎందుకు లెక్కగట్టరు?

గండికోట (కడప జిల్లా): జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు వెళ్తే పెన్నా లోయ, కోట.. ఆ కోట గోడల లోపలే ఊరు. ఈ ఊరి ఓటర్ల లిస్టు చూసుకోవడానికీ ఒక మనిషి ఉంటారు. ఆ మనిషే బీఎల్వో, అంటే బూత్ లెవెల్ ఆఫీసర్. కొత్త ఓటుకి ఫారం-6, తీసేయాలంటే ఫారం-7, మార్పులకీ అడ్రస్ మారినప్పుడూ ఫారం-8. వీటిలో ఏది వేసినా ఇంటికొచ్చి చూసేది వాళ్లే. మరి ఈ పనికి వాళ్లకి ఏం ముడుతుంది?

ఏడాదికి రూ.12,000

2006లో బీఎల్వో వ్యవస్థ వచ్చింది. ఇది ఫుల్‌టైమ్ ఉద్యోగం కాదు. టీచర్లు, సచివాలయం సిబ్బంది, అంగన్‌వాడీ కార్యకర్తలు లాంటి వాళ్లు తమ పనితో పాటు చేస్తారు. అందుకే ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2015 నుంచి ఏడాదికి రూ.6,000 ఉండేది. 2025 ఆగస్టు 2న ఎన్నికల సంఘం దాన్ని రూ.12,000 చేసింది. సూపర్‌వైజర్లకు రూ.12,000 నుంచి రూ.18,000కి పెంచారు. లిస్టు సవరణ టైమ్‌లో ఇచ్చే ప్రోత్సాహకం రూ.1,000 కాస్తా రూ.2,000 అయింది. ప్రత్యేక సమగ్ర సవరణ, అదే ‘సర్’ జరిగితే ఇంకో రూ.6,000. ఇవి కనీస మొత్తాలు మాత్రమే.

సింపుల్‌గా లెక్కేస్తే నెలకు వెయ్యి. రోజుకు 33 రూపాయలు కూడా నిండవు. బూత్‌కి 1,200 మంది ఓటర్లనుకుంటే ఒక్కో ఓటరుకి ఏడాదికి పది రూపాయలు! బండి మీద ఊళ్లు తిరిగితే పెట్రోలుకే ఎంత పోతుందో వేరే చెప్పాలా?

ఫారానికింత అని ఇస్తే ఏమవుతుంది?

ఎక్కువ పని చేస్తే ఎక్కువ డబ్బు.. వినడానికి బాగానే ఉంటుంది. అమెరికాలో ఏం జరిగిందో చూడండి. 2008లో లాస్ వెగాస్‌లో ఏకార్న్ అనే సంస్థ ఓటర్లను నమోదు చేయించే కుర్రాళ్లకు ఒక ఆఫర్ పెట్టింది. ఒక షిఫ్టులో 21 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఫారాలు తెస్తే 5 డాలర్లు ఎక్స్‌ట్రా. నెవాడా రాష్ట్రంలో ఇలా సంఖ్యను బట్టి డబ్బులివ్వడం నేరం. 2009లో కేసు పెట్టారు. 2011లో సంస్థ నేరం ఒప్పుకుంది, 5,000 డాలర్ల ఫైన్ పడింది. ఫారానికి రేటు కడితే దొంగ పేర్లు రాసేస్తారన్నదే అక్కడి భయం.

మన దగ్గర పేర్లు పెరగడమే కాదు, పోవడం కూడా సమస్యే. 2019 ఎన్నికల ముందు ఏపీలో ఫారం-7లు లక్షల్లో వచ్చి పడ్డాయి. చాలావాటికి ఎవరి పేరు మీద పెట్టారో వాళ్లకే తెలియదు! పోలీసు కేసులు కూడా అయ్యాయి. అలాంటప్పుడు ఇంటికెళ్లి ‘ఈ మనిషి ఇక్కడే ఉన్నాడు’ అని రాయాల్సింది బీఎల్వోనే. ఆ రాసే మనిషికి పేరుకింత అని ఇస్తే..? అందుకే పేర్లు ఎన్ని చేరినా, ఎన్ని పోయినా మన బీఎల్వోకి ముట్టేది ఒకటే. పద్ధతి కరెక్టే, పేచీ అంతా అంకె దగ్గరే.

గండికోట రిజర్వాయర్ కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగి జనం వేరే చోట్లకు మారారు కదా. అలా ఇల్లు మారిన ప్రతి ఓటరూ ఒక ఫారం-8. ఎవరు ఎక్కడికెళ్లారో కనుక్కోవడానికి పట్టే టైమ్‌కి ఏ రేటు కట్టగలం?

పార్టీల ఏజెంట్లకు లిమిట్

పార్టీల తరఫున ఉండే బీఎల్ఏలకు ఎన్నికల సంఘం డబ్బులివ్వదు. వాళ్లు రోజుకు 10 ఫారాల కంటే ఎక్కువ ఇవ్వకూడదు, ‘సర్’లో అయితే 50 వరకు.

తప్పు చేస్తే జైలే

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 32 ప్రకారం లిస్టు డ్యూటీలో తప్పు చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. నెలకు వెయ్యి రూపాయల పనికి ఇంత రిస్క్. 2025 నవంబర్‌లో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ‘సర్’ మొదలైంది. ఆ లిస్టులో ఏపీ లేదు కానీ, పుదుచ్చేరి ఉంది కాబట్టి మన యానాం వచ్చింది. పలు చోట్ల బీఎల్వోలు చనిపోయారన్న వార్తల తర్వాత, అదనపు సిబ్బందిని ఇచ్చి భారం తగ్గించాలని డిసెంబర్ 4న సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

మీ బీఎల్వో ఎవరో తెలియకపోతే 1950 నంబర్‌కి కాల్ చేయండి. ఇంటికొస్తే ఫొటో ఐడీ కార్డు చూపించమని అడగొచ్చు. ఏ ఫారానికీ ఫీజు లేదు.