నిష్పాక్షికత ఎవరి పక్షం?

దళితులు పరిశోధనలోకి వచ్చినప్పటి నుంచి వాళ్ళ ముందు ఒక ప్రశ్న పెడుతూనే ఉన్నారు. మీ వాళ్ళ గురించి మీరే రాస్తే అందులో ఆబ్జెక్టివిటీ ఎట్లా ఉంటుందని అడుగుతారు. సెమినార్లలో అడుగుతారు, పిహెచ్.డి. వైవాలో అడుగుతారు, పంపిన వ్యాసం తిప్పి పంపుతూ అడుగుతారు. జమీందార్ల పోషణలో కూర్చుని రాజవంశాల చరిత్రలు రాసిన పండితులను ఈ ప్రశ్న అడిగినట్టు కనిపించదు. వాళ్ళకూ ఒక కులం ఉందని, ఆ కులానికి ఒక చూపు ఉంటుందని ఎవరికీ తోచలేదు. కులం మాకే ఉంది, పక్షపాతం మాకే ఉంది, మిగతా అందరికీ ఉన్నది శాస్త్రం!

ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్ళం ఈ ప్రశ్నను తప్పించుకుని పోలేం. దీనికి తేలికైన జవాబు ఒకటి తయారుగా ఉంది. సత్యం అనేదే లేదు, ఉన్నవన్నీ కథనాలే, ఎవరి కథనం వాళ్ళది అనే పోస్ట్ మోడర్నిస్టుల జవాబు అది. వినడానికి బాగానే ఉంటుంది. అగ్రవర్ణ పండితుడి పీఠం కదిలినట్టే ఉంటుంది. కాని ఆ మాటకే కట్టుబడితే 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారన్నది ఒక కథనం అవుతుంది, చంపలేదన్నది ఇంకో కథనం అవుతుంది. పలుకుబడి ఉన్నవాడి కథనమే నెగ్గుతుంది. నిజం అనేది లేదనుకుని బతకడం ఆస్తిపాస్తులు ఉన్నవాడికి చెల్లుతుంది గాని మాకు చెల్లదు.

అందుకే మేం ఇక్కడ ఇంకో మాట చెప్పదల్చుకున్నాం. ఆబ్జెక్టివిటీ సాధ్యమే. అయితే అది పరిశోధకుడి మనసులో ఉండే పవిత్రత కాదు. కొలిచిన వాడి లెక్కను కొలవబడిన వాడు అడిగి, చూసి, తప్పయితే తప్పని చెప్పగలిగే వీలు ఏ రంగంలో ఎంత ఉంటే ఆ రంగంలో అంత ఆబ్జెక్టివిటీ ఉంటుంది. కొన్ని రంగాలను వరసగా తీసుకుని ఈ సంగతి చూద్దాం.

మొదట శరీరాల కొలతలు. హెర్బర్ట్ రిస్లీ అనే ఇంగ్లీషు అధికారి బెంగాల్లో కులాల మీద సర్వే చేసి 1891లో పుస్తకాలు అచ్చు వేశాడు. ముక్కు వెడల్పును ముక్కు ఎత్తుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే అంకెను బట్టి జాతిని తేల్చవచ్చని ఆయన నమ్మకం. ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత తక్కువ అని సూత్రం కట్టాడు. ఆ మనిషే 1901 జనాభా లెక్కలకు కమిషనర్ అయ్యి, కులాలను సామాజిక హోదా ప్రకారం మెట్లుమెట్లుగా పేర్చమన్నాడు. మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఎడ్గార్ థర్‌స్టన్ ఇదే పని చేశాడు. ఆయన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. దక్షిణ భారత కులాల మీద 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. వాయనాడులో పనియ స్త్రీలు ఆయన్ను చూసి పారిపోయారు. తమలో బాగున్న వాళ్ళను పట్టుకుపోయి, చర్మంలో గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని భయపడ్డారట. థర్‌స్టన్ దీన్ని ఒక తమాషాగా రాసుకున్నాడు. మాకు ఇందులో తమాషా కనిపించదు. తమను మనుషులుగా కాక నమూనాలుగా చూస్తున్నారన్న సంగతి ఆ ఆడవాళ్ళు సరిగ్గానే పోల్చుకున్నారు.

కొలిచిన పరికరం అబద్ధం చెప్పకపోవచ్చు. ఆ అంకెల నుంచి తీసిన మాటే అబద్ధం. ఆ సంగతి తేల్చింది కూడా మళ్ళీ అంకెలే. 1932లో జి.ఎస్.ఘుర్యే ఆ కొలతలనే తిరగేసి, గంగా మైదానంలోని ఒక ప్రాంతం దాటితే ముక్కుకూ కులం మెట్టుకూ పొంతన లేదని చూపించాడు. ఘుర్యే దళితుడు కాదు, బ్రాహ్మణుడు. లెక్కను లెక్కగా చూడటానికి కులం ఎవరికీ అడ్డం రానక్కరలేదని దీనివల్ల తెలుస్తుంది. కాని అంటరానితనం ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నను ఆ పట్టికల ముందు పెట్టింది అంబేద్కరే. 1948లో వచ్చిన అంటరానివాళ్ళ పుస్తకంలో ఆయన వాదన ఇట్లా సాగుతుంది. ఈ కొలతల శాస్త్రం నిజమైతే బ్రాహ్మణులూ అంటరానివాళ్ళూ ఒకే జాతి. బ్రాహ్మణులు ఆర్యులైతే అంటరానివాళ్ళూ ఆర్యులే, వాళ్ళు ద్రావిడులైతే వీళ్ళూ ద్రావిడులే. కాబట్టి అంటరానితనానికి జాతి మూలం కాదు. ఇక్కడ అంబేద్కర్ శాస్త్రాన్ని కాదని పక్కకు నెట్టలేదు. కొలిచిన వాళ్ళ పట్టికలతోనే కొలిచిన వాళ్ళకు జవాబు చెప్పాడు. మేం చెప్పే ఆబ్జెక్టివిటీకి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

కొలవడంలో ఎంత రాజకీయం ఉందో కొలవకపోవడంలోనూ అంతే ఉంది. 1931 తర్వాత జనాభా లెక్కల్లో అన్ని కులాల పట్టికలూ రాలేదు. 1951 నుంచి ఎస్సీ, ఎస్టీలను మాత్రమే లెక్కపెట్టారు. కులం అడగకపోవడమే ఆధునికత అన్నారు. దీనివల్ల పై కులాల జనాభా ఎంత, వాళ్ళ చేతిలో ఉన్న భూమీ ఉద్యోగాలూ ఎన్ని అన్నది దశాబ్దాల పాటు లెక్కకు అందలేదు. తెలంగాణలో 2024 నవంబర్లో ఇంటింటి కుల సర్వే మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం అని ప్రకటించారు. ఈ అంకెలు సరైనవా కావా అన్న వాదన వెంటనే లేచింది. లేవనివ్వండి. అంకె ఉంటేనే గదా వాదన!

ఇదంతా సమాజశాస్త్రంలోనే, అసలు సైన్సుల్లో ఇట్లాంటివి ఉండవని కొందరు అంటారు. కరోనా కాలంలో వేలికి తగిలించి ఆక్సిజన్ చూసుకున్న చిన్న యంత్రం చాలా మందికి గుర్తుండే ఉంటుంది. ఆక్సీమీటర్ కులం అడగదు, జాతి అడగదు. వేలి గుండా వెలుతురు పంపి లెక్క కడుతుంది. కాని 2020లో అమెరికా డాక్టర్లు రక్త పరీక్షలతో పోల్చి చూస్తే, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా యంత్రం బాగానే ఉందని చూపించిన సందర్భాలు తెల్ల రోగుల కన్నా నల్ల రోగుల్లో సుమారు మూడింతలు తేలాయి. యంత్రానికి ద్వేషం లేదు. దాన్ని సరిచూసిన శరీరాల్లో నల్ల శరీరాలు చాలినన్ని లేవు, అంతే. ఈ తప్పు బయటపడింది కూడా కొలతతోనే. కాబట్టి ఫిజిక్సయినా, సోషియాలజీ అయినా ఎవరి మీద సరిచూశారన్న ప్రశ్న అడగాల్సిందే.

గ్రామ అధ్యయనాలకు వద్దాం. ఎం.ఎన్.శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని ఒక గ్రామంలో ఉండి పరిశోధన చేశాడు. 1970లో ఆయన నోట్సు మంటల్లో కాలిపోతే జ్ఞాపకం మీద రాసిన పుస్తకం 1976లో వచ్చింది. దేశంలో సోషియాలజీ విద్యార్థులు దాన్ని చదువుతూనే ఉన్నారు. ఆయన దిగింది గ్రామ పెద్ద ఇంటి తాలూకు కొట్టంలో. తన చుట్టూ ఉన్నది పై కులాల వాళ్ళేనని, దళితుల వాడకు తన రాకపోకలు తక్కువని ఆయనే రాశాడు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. కాని ఆ మాట చదివిన తర్వాత కూడా ఆ పుస్తకాన్ని మొత్తం ఊరి చిత్రంగానే పాఠం చెబుతున్నారు. వాడ నుంచి ఊరిని చూసి రాస్తే దాన్ని దళిత దృక్పథం అంటారు. ఊరి నుంచి వాడను చూసి రాస్తే దానికి ఏ విశేషణమూ అక్కరలేదు.

ఇక మా రంగం చరిత్ర. తెలుగు ప్రాంతాల స్థానిక చరిత్రకు ముఖ్యమైన ఆకరం కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు. మెకంజీ 1821లో చనిపోయాడు. ఆయన కింద పనిచేసి ఈ సేకరణ నడిపించిన వాళ్ళలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ముఖ్యులు, నియోగి బ్రాహ్మణులు. ఊళ్ళల్లో చాలావరకు సమాచారం ఇచ్చింది కరణాలు. వాళ్ళ శ్రమ తక్కువది కాదు, అది లేకపోతే ఈ రోజు మనకు చాలా సంగతులు తెలిసేవి కావు. కాని కైఫీయతులు నిండా ఏముంది? ఏ రాజు ఏ అగ్రహారం ఎవరికిచ్చాడు, ఏ గుడికి ఏ మాన్యం రాశాడు, కరణీకం ఎవరి వంశంలో ఉంది. త్రిలోచన పల్లవుడనే ముక్కంటి మహారాజు ఉత్తరాది నుంచి బ్రాహ్మణులను తెచ్చి అగ్రహారాలిచ్చాడన్న కథ చాలా ఊళ్ళ రికార్డుల్లో కనిపిస్తుంది. ఆ రాజును చరిత్రకారులు పుక్కిటి కథలోని మనిషిగానే చూస్తారు. అయినా ఆ రికార్డులు ఆకరాలే.

మరి డక్కలి వాళ్ళు మాదిగ వాడల్లో చెప్పే జాంబ పురాణం? భూమి పుట్టక ముందే జాంబవంతుడు పుట్టాడని, మాదిగలు అతని సంతతి అని చెప్పే ఆ కథను జానపద శాఖకు పంపిస్తారు. కరణం చెబితే చరిత్ర, డక్కలి చెబితే జానపదం. ఇదెక్కడి గీటురాయి? జాంబ పురాణంలో ఉన్నదంతా జరిగిందని మేం అనడం లేదు. రెంటినీ ఒకే రాయి మీద గీయమంటున్నాం. ముక్కంటి కథ అగ్రహారాల భూమి హక్కును ఎట్లా నిలబెట్టిందో అడిగినట్టే, జాంబవంతుడి కథ మాదిగల గౌరవాన్ని ఎట్లా నిలబెట్టిందో అడగండి. మా కథ గనక దాన్ని వదిలెయ్యమని మేమూ అడగకూడదు. 1946లో శూద్రులెవరు అన్న పుస్తకం ముందుమాటలో చరిత్రకారుడికి నిజాయితీ, నిష్పాక్షికత ఉండాలన్న నియమాన్ని అంబేద్కర్ ఒప్పుకునే పనిలోకి దిగాడు. బాధితుడిననే పేరుతో ఆయన మినహాయింపు కోరలేదు.

1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభ పంచములు అన్న పేరు వద్దని ఆది ఆంధ్రులం అనుకున్నది. అది పేరు మార్పు ఒక్కటే కాదు. నాలుగు వర్ణాలు వాళ్ళవి, అయిదోది మాది అన్న లెక్కనే ఆ సభ ఎదిరించింది. రికార్డులో మమ్మల్ని ఏమని రాయాలో మేమే చెబుతామన్న మాట అది.

చివరిగా కోర్టు. రుజువు అన్న మాటకు ప్రాణాల విలువ ఉండేది ఇక్కడే. 1989 అత్యాచార నిరోధక చట్టం కింద చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. చనిపోయిన వాళ్ళు ఏ సమయంలో, ఏ చోట, ఎవరి చేతుల్లో చనిపోయారో ప్రాసిక్యూషన్ నిరూపించలేదన్నది కారణం. అనుమానం ఉంటే శిక్ష వేయకూడదన్న సూత్రాన్ని మేం కాదనం. ఆ సూత్రం లేకపోతే ముందుగా జైళ్ళు నిండేది మా వాళ్ళతోనే. కాని పొలాల్లో పడి పరిగెత్తిన మనిషి టైమూ చోటూ ఎట్లా చెబుతాడు? వాటిని రికార్డు చేయాల్సింది పోలీసులు. పోలీసులు ఊళ్ళో ఉండగానే జరిగిన దాడి అది. సాక్ష్యం తయారుచేసే యంత్రాంగం చేతిలో లేని వాడిని సాక్ష్యం ఏదని అడగడం, పైకి ఎంత నిష్పాక్షికంగా కనిపించినా, బరువు ఒక పక్కకే మొగ్గిన తక్కెడ.

ఈ రంగాలన్నిటిలో పద్ధతులు వేరు. ముక్కు కొలతను మళ్ళీ కొలవవచ్చు, యంత్రాన్ని మళ్ళీ సరిచూడవచ్చు. కాలిపోయిన నోట్సునూ చుండూరు ఉదయాన్నీ తిరిగి తేలేం. కాబట్టి అన్నిటికీ ఒకే రకమైన రుజువు కుదరదు. కాని మూడు ప్రశ్నలు అన్నిటికీ కుదురుతాయి. ప్రశ్నను ఎంచుకున్నది ఎవరు? రికార్డు ఎవరి చేతిలో ఉంది? కొలవబడిన వాడికి ఆ లెక్క తెరిచి చూసే దారి ఉందా? ఈ మూడిటికీ జవాబు చెప్పని పాండిత్యాన్ని ఎంత తటస్థంగా రాసినా నిష్పాక్షికం అనడానికి వీల్లేదు. దళిత పరిశోధకులు ఆబ్జెక్టివిటీని అగ్రవర్ణాల సొత్తని వదిలేస్తే నష్టపోయేది మనమే. శాసనాల్లో పేరు లేని వాళ్ళకు, పట్టాలు లేని వాళ్ళకు, సాక్ష్యం చెల్లని వాళ్ళకు రుజువు చేయగలిగిన నిజం తప్ప చేతిలో ఇంకో ఆయుధం లేదు. వాడల్లో పెద్దవాళ్ళు బతికుండగానే వాళ్ళ మాటలు తేదీలతో, ఊరి పేర్లతో, ఎవరు చెప్పారో రాసి పెట్టుకునే పని మనం చేయాలి. రేపు ఎవరైనా వచ్చి తప్పని తేల్చేందుకు వీలుండేట్టుగా చేయాలి.