పిల్లవాడిని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్తే: నగర కౌన్సిల్ ఏం చేయగలదు, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి

ఇంట్లో కుర్రవాడిని పోలీసులు తీసుకెళ్లారంటే చాలామంది ముందుగా ఫోన్ చేసేది వార్డు ప్రతినిధికే. తమిళనాడులో కౌన్సిలర్, కర్ణాటక, ఒడిశాల్లో కార్పొరేటర్, మహారాష్ట్రలో నగరసేవక్. అయితే పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోది. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థల కోసం పేర్కొన్న 18 అంశాల్లో వీధి దీపాలు, ఆట స్థలాలు ఉన్నాయి గానీ పోలీసు లేదు. కాబట్టి కౌన్సిలర్ ఎస్సైకి ఆదేశం ఇవ్వలేరు. అయినా స్టేషన్‌లో ఏం జరిగిందో లెక్క అడగడానికి నగర పాలకులకు ఒక దారి ఉంది.

మేయర్‌కు ఉన్న స్థానం

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో శబ్దం కూడా రికార్డు చేసే సీసీ కెమెరాలు పెట్టాలని చెప్పింది. వాటిపై నిఘాకు జిల్లా స్థాయి కమిటీ ఉండాలంది. అందులో డివిజనల్ కమిషనర్, జిల్లా మెజిస్ట్రేట్, ఎస్పీతో పాటు జిల్లాలోని ఒక మున్సిపాలిటీ మేయర్ లేదా, గ్రామీణ ప్రాంతాల్లో, జిల్లా పరిషత్ అధిపతి సభ్యులు. కెమెరాలు పనిచేసేలా చూడటమే కాదు, ఎవరూ ఫిర్యాదు చేయని హక్కుల ఉల్లంఘనలు జరిగాయేమోనని ఫుటేజీ పరిశీలించడం కూడా ఈ కమిటీ పనే.

ఇది ఎందుకు ముఖ్యమో 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో తేలింది. పోలీసులు పట్టుకెళ్లిన తండ్రీకొడుకులు కస్టడీలో చనిపోయారు. హైకోర్టు పంపిన మెజిస్ట్రేట్ వెళ్లి చూస్తే, డిస్కులో చోటు ఉన్నా, ఫుటేజీ రోజూ దానంతటదే చెరిగిపోయేలా అమర్చి ఉంది.

మీ వార్డు ప్రతినిధి చేత కౌన్సిల్‌లో ఈ మూడు ప్రశ్నలు అడిగించండి: మన జిల్లా కమిటీలో ఉన్న మేయర్ ఎవరు? కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? ఏయే స్టేషన్లలో కెమెరాలు పనిచేయడం లేదు? ఎన్నికైన కౌన్సిల్ లేని ఊళ్లలో ఇవే ప్రశ్నలను జిల్లా మెజిస్ట్రేట్‌కు రాయవచ్చు.

18 ఏళ్లు నిండనివారికి

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం వీరిని లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై హోదాకు తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. పట్టుకున్న పిల్లలను ఆ అధికారికి అప్పగించి, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బేడీలు వేయకూడదు. తల్లిదండ్రులకు తెలపాలి. వయసుకు ముందు చూసేది స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపల్ జనన ధ్రువపత్రం. ఈ రెండూ చేతికి అందేలా పెట్టుకోండి.

సాక్షిగా విచారించాలంటే 15 ఏళ్లలోపు అబ్బాయిలను, ఏ వయసు ఆడవారినైనా స్టేషన్‌కు రమ్మనకూడదు. వారి ఇంటికే రావాలి.

18 నిండిన యువతకు

అరెస్టు కారణం చెప్పాలి, ఇంట్లోవారికి కబురు చేయాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందుకు తేవాలి. అరెస్టు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబర్ 6న మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు తప్ప మరో భాష చదవలేనివారికి ఇది పెద్ద అండ. స్త్రీలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. నంబరు 15100. పిల్లల విషయమైతే 1098.

ఫిర్యాదు ఎక్కడ

2006లో ప్రకాష్ సింగ్ కేసులో పోలీసు ఫిర్యాదుల సంస్థలు పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కర్ణాటకలో 2012 చట్ట సవరణతో రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో, మహారాష్ట్రలో 2014 సవరణతో రాష్ట్ర, డివిజన్ స్థాయిల్లో వీటికి చోటు కల్పించారు. తమిళనాడు 2013 చట్టంలో జిల్లా సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. కోర్టు కోరినది మాత్రం రిటైర్డ్ న్యాయమూర్తులను. యానాంవారు పుదుచ్చేరి సంస్థకు రాయాలి. ఒడిశాలో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేకుండా, తెలుగులోనే ఫిర్యాదు రాయవచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి. రాష్ట్ర కమిషన్ ఇప్పటికే చేపట్టిన విషయాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు కాబట్టి ఒకే ఫిర్యాదును రెండు చోట్లకూ పంపకండి.

మొదటి రోజే చేయాల్సిన పని

ఫుటేజీని భద్రపరచమని అడిగే హక్కు బాధితులకు ఉందని, దాన్ని కనీసం 6 నెలలు ఉంచాలని 2020 తీర్పే చెబుతోంది. ఈ మాట తెలిపే బోర్డు స్టేషన్ ప్రవేశం దగ్గర స్థానిక భాషలోనూ ఉండాలి. స్టేషన్ పేరు, తేదీ, తీసుకెళ్లిన వేళ, వదిలిన వేళ రాసి, ఆ సమయపు ఫుటేజీ చెరపవద్దని కోరుతూ ఎస్పీకి, జిల్లా మెజిస్ట్రేట్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. నగరమైతే పోలీస్ కమిషనర్‌కు రాయండి. ఒక ప్రతి మేయర్‌కు ఇవ్వండి. రసీదులు దాచండి. దెబ్బలు ఉంటే అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, చీటీ తీసుకోండి.