మోకాలు, క్రాంకు, పెడలు : సైకిలు చరిత్రలో మరచిపోయిన ఒక కొలత

మన ఊళ్లలో తరతరములుగా పిల్లలు సైకిలు నేర్చుకొన్నది తండ్రిదో అన్నదో అయిన పెద్ద సైకిలు మీదనే. సీటుపై కూర్చున్నచో పెడలు అందదు. అందుచేత అడ్డుకడ్డీ క్రిందుగా ఒక కాలు దూర్చి, ఒరిగి తొక్కుచు నేర్చుకొందురు. కొన్నాళ్లకు సీటును అడుగంట దింపి దానిపై కూర్చుందురు. తరువాత బడికి పోవుట సులువే. కాని కొందరికి కొన్ని నెలలలో మోకాటి చిప్ప చుట్టును నొప్పి పుట్టును. "ఎదిగే వయసు, అదే తగ్గుతుందిలే" అని పెద్దలు సరిపెట్టుదురు. మోకాటి నొప్పికి కారణములు అనేకము. వానిలో ఒకటి సైకిలు కొలతలోనే ఉన్నది. ఆ కొలత ఎట్లు ఏర్పడినదో తెలిసికొనుటకు సైకిలు పుట్టుక నుండి చూడవలెను.

కాలి కొలతకు చక్రము

1817లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరమున కార్ల్ ఫాన్ డ్రైస్ రెండు చక్రముల బండిని నడిపి చూపెను. దానికి పెడళ్లు లేవు. కూర్చున్నవాడు పాదములతో నేలను తన్నుచు ముందుకు పోవలెను. 1860 తరువాతి సంవత్సరములలో పారిస్ నగరమున ముందు చక్రపు ఇరుసుకు క్రాంకులు, పెడళ్లు అమర్చిరి. ఈ సందర్భమున పియేర్ మిషో, పియేర్ లాల్మాన్ అను పేర్లు వినవచ్చును. లాల్మాన్ 1866లో అమెరికాలో దీనికి పేటెంటు పొందెను.

ఆనాటి క్రాంకులలో గమనింపదగిన విశేషమొకటి కలదు. పెక్కింటికి పొడవైన గాడి ఉండెడిది. పెడలును ఆ గాడిలో పైకో క్రిందికో జరిపి, తన కాలికి అనువైన చోట బిగించుకొనెడివారు.

పెడలు ఒకమారు తిరిగిన చక్రమును ఒకమారే తిరుగును. కావున వేగము కావలెనన్నచో చక్రము పెద్దది కావలెను. 1870 తరువాత ఇంగ్లండులో ముందు చక్రము మనిషి ఛాతీ ఎత్తువరకు పెరిగెను. అంతకు మించి పెరుగుటకు వీలులేదు. పెడలు క్రిందికి పోయినపుడు కాలు అందవలెను గదా! అందుచేత కొనువాడు తన కాలి లోపలి పొడవును కొలుచుకొని, దానికి తగిన చక్రము గల బండిని తీసికొనెడివాడు. ఆ బండి ప్రమాదకరమైనదే. చిన్న రాయి తగిలినను తల క్రిందుగా పడవేయును. అయినను అది మనిషి కాలి కొలతకు కొన్న యంత్రము.

గొలుసు తెచ్చిన లాభము, నష్టము

1885లో కొవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిలును వెలువరించెను. పెడళ్లు నడుమకు వచ్చినవి. వాని శక్తిని గొలుసు వెనుక చక్రమునకు అందించెను. పళ్ల చక్రముల నిష్పత్తిని మార్చి వేగము పొందవచ్చును కనుక పెద్ద చక్రముతో పని లేకపోయెను. 1888లో డన్లప్ గాలి టైరును తెచ్చెను. పొట్టివారును, స్త్రీలును సులభముగ ఎక్కగల వాహనము లభించెను. ఇది గొప్ప మేలు.

అయితే చక్రమునకు కాలి కొలతతో సంబంధము తెగిపోవుటతో, క్రాంకును కాలికి తగినట్లు ఎన్నుకొను అలవాటు కూడ సన్నగిల్లెను. కర్మాగారములలో ఒకే కొలత క్రాంకులు వేలకొలది తయారగుట చౌక. నేడు పెద్దవారి సైకిళ్లకు సాధారణముగా 165 నుండి 175 మిల్లీమీటర్ల క్రాంకులుండును.

ఒక చిన్న లెక్క చూడుడు. క్రాంకు 170 మిల్లీమీటర్లైనచో పెడలు తిరుగు వృత్తపు వ్యాసము 340 మిల్లీమీటర్లు. కాలి లోపలి పొడవు 850 మిల్లీమీటర్లు గల పెద్దవానికి ఇది కాలిలో నూటికి 40 వంతులు. 700 మిల్లీమీటర్లే గల బాలునకు సుమారు 49 వంతులు. అనగా అదే పెడలు బాలుని మోకాలిని మరింత ముడిచి పైకెత్తును.

మోకాటిలో జరుగునది

తొడ ముందు భాగపు కండరము బిగిసినపుడు కాలు చాపుకొనును. ఆ లాగుడు మోకాటి చిప్ప మీదుగా పోవును. చిప్ప ఇచట కప్పీవలె పనిచేయును. మోకాలు ఎంత ఎక్కువ ముడుచుకొన్నచో, అదే లాగుడుకు చిప్ప తొడ ఎముకపై అంత గట్టిగా అదుముకొనును. స్వీడన్ పరిశోధకులు ఎరిక్సన్, నిసెల్ 1987లో ప్రకటించిన పరిశీలనలో సీటును పైకెత్తినపుడు ఈ ఒత్తిడి తగ్గినట్లు తేలెను.

ఒక తొక్కుడుకు ఈ ఒత్తిడి కొంచెమే కావచ్చును. కాని 44 పళ్ల పెద్ద చక్రము, 18 పళ్ల ఫ్రీవీలు, 28 అంగుళముల చక్రములు గల సైకిలుపై 5 కిలోమీటర్లు పోవుటకు ఒక్కొక్క మోకాలు సుమారు 900 మార్లు ముడుచుకొని చాపుకొనవలెను. రానుపోను 1800 మార్లు. సీటు మితిమీరి ఎత్తైనను కీడే. అప్పుడు నడుము ఇటునటు ఊగును. మోకాటి వెనుక నరములు లాగినట్లు నొప్పి పుట్టును.

పొట్టి క్రాంకు బలమును తగ్గించునా?

1967లో హామ్లీ, థామస్ అను పరిశోధకులు సీటు ఎత్తును పరీక్షించిరి. క్రిందికి దిగిన పెడలు నుండి సీటు పైభాగము వరకు గల దూరము, కాలి లోపలి పొడవులో నూటికి 109 వంతులున్నపుడు తొక్కుడు మిక్కిలి ఫలప్రదమని వారు చెప్పిరి. 2001లో మార్టిన్, స్పిర్డూసో 120 నుండి 220 మిల్లీమీటర్ల వరకు అయిదు రకముల క్రాంకులతో 16 మంది సైకిలు క్రీడాకారుల గరిష్ఠ శక్తిని కొలిచిరి. అంత తేడా గల క్రాంకులలోను శక్తిలోని భేదము నూటికి 4 వంతులు మాత్రమే! కావున పొట్టి కాళ్లవారు పొట్టి క్రాంకు వాడినచో బలము పెద్దగా పోదు. పైగా క్రాంకును 20 మిల్లీమీటర్లు తగ్గించి, సీటును 20 మిల్లీమీటర్లు పెంచినచో, పెడలు పైకి వచ్చినపుడు సీటుకును దానికిని మధ్య దూరము 40 మిల్లీమీటర్లు పెరుగును. మోకాలు అంత తక్కువగా ముడుచుకొనును.

కాలిబలము గలవారికి ఈ బాధ లేదనుకొనరాదు. టూర్ డి ఫ్రాన్స్ పందెమును అయిదుమార్లు గెలిచిన బెర్నార్ ఇనో 1980లో అందరికంటె ముందుండియు మోకాటి నొప్పిచే పందెము విడిచిపెట్టెను. పందెగాండ్రు ఆ రోజులలో పాదములను తోలుపట్టెలతో పెడళ్లకు బిగించుకొనెడివారు. పాదము వంకరగా బిగిసినచో ఆ మెలి మోకాటికి చేరును. 1980 తరువాతి సంవత్సరములలో బూటు అడుగున గొళ్లెము గల పెడళ్లు వచ్చినవి. ఆ దశాబ్దము ముగియకముందే పాదము కొద్దిగా ఇటునటు తిరుగుటకు చోటిచ్చు పెడళ్లును వచ్చినవి.

మనము చేయదగినది

విద్యార్థులు తరగతిలోనే ఒక పరీక్ష చేయవచ్చును. ఒకరు సైకిలును పట్టుకొనగా, మరియొకరు సీటుపై కూర్చుండి, పెడలును అడుగుకు దింపి, దానిపై మడమను ఉంచవలెను. అప్పుడు కాలు నిటారుగా ఉండవలెను. పిమ్మట పాదపు ముందు భాగమును, అనగా బొటనవ్రేలి మొదలును, పెడలుపై ఉంచినచో మోకాలు కొద్దిగా వంగును. ఆ వంపు 25 నుండి 35 డిగ్రీలున్న మంచిది, కోణమానినితో కొలువవచ్చును. వంపు ఎక్కువైనచో సీటును కొద్దికొద్దిగా పెంచవలెను. క్రాంకు గాని పెడలు ఇరుసు గాని వంగియున్నదేమో చూచి బాగుచేయించవలెను. వాపు గాని, తగ్గని నొప్పి గాని ఉన్నచో వైద్యునకు చూపవలెను.

నూటయేబది ఏండ్ల క్రిందట గాడిలో పెడలును జరుపుకొన్నవారు మోకాటి శాస్త్రము చదువుకొన్నవారు కారు. యంత్రమును కాలికి సరిచేసికొనవలెనని మాత్రము వారెరుగుదురు. నేడు మన చేతిలోనున్నది సీటు క్రింది ఒక్క మర. బడికి బయలుదేరుటకు ముందు దానిని ఒకమారు విప్పి, సరియైన ఎత్తున బిగించుటకు అయిదు నిమిషములు చాలును.